ఖాళీగా ఉంటే బాగుంటుంది, బరువు పడితే లాగదు: లీన్ ఇంజిన్ జబ్బు ఎక్కడుంది?

ప్రశ్న: నమస్కారం అండీ. నాది ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, 1.2 లీటర్ల ఇంజిన్. మూడు నెలలుగా బండి సరిగ్గా లాగడం లేదు. స్టార్టింగ్ బాగుంది, ఆగి ఉన్నప్పుడు వణుకు లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, ముందున్న బండిని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతుంది, జర్కులు కొడుతుంది. అరగంట నడిపాక ఇంకా ఎక్కువ. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే పీ0171, అంటే ‘సిస్టమ్ టూ లీన్’ అని వచ్చింది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్, స్పార్క్ ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఆయన ఫ్యూయల్ పంపు అంటున్నారు, ఇంకొకరు ఇంజెక్టర్లు అంటున్నారు. విసుగొచ్చి నేనే ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొన్నాను. ఐడిల్‌లో (అంటే ఆగి ఉన్న బండిలో ఇంజిన్ మాత్రం నడుస్తుంటే) షార్ట్ టర్మ్ ట్రిమ్ +1, లాంగ్ టర్మ్ +3. బండి ఆపి 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే +2, +6. మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే +7, +18. వీటి అర్థం ఏమిటి? ఏ పార్టు మార్చాలి?

సమాధానం: ముందుగా ఒక్క మాట. ఆ మూడు జతల అంకెలు రాసి పంపడంతో మీరు సగం పని చేసేశారు. ఇంజిన్ లీన్‌గా ఉందన్న సంగతి కోడ్ చెబుతుంది. ఎప్పుడు లీన్ అవుతోందో ఆ అంకెలు చెబుతాయి. జబ్బు ఎక్కడుందో తెలిసేది ఆ ‘ఎప్పుడు’లోనే. ఈ రెండో సంగతి చూడకుండా పార్టులు మార్చడం మొదలుపెడితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

లీన్ అంటే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పలచబడటం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంతకంటే గాలి ఎక్కువైనా, పెట్రోలు తక్కువైనా మిశ్రమం లీన్ అవుతుంది. సైలెన్సర్ వైపు కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్, మండగా మిగిలిన ఆక్సిజన్‌ను చూసి ఈ సంగతి కంప్యూటర్‌కు చేరవేస్తుంది. కంప్యూటర్ వెంటనే ఇంజెక్టర్లను కాస్త ఎక్కువసేపు తెరిచి ఆ లోటు పూడుస్తుంది. అలా ఎంత శాతం పూడుస్తోందో చెప్పేదే ఫ్యూయల్ ట్రిమ్. షార్ట్ టర్మ్ అనేది ఈ క్షణంలో చేస్తున్న సర్దుబాటు, లాంగ్ టర్మ్ అనేది కొన్నాళ్లుగా నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సర్దుబాటు. రెండూ కలిపి చదవాలి. మీ బండిలో ఐడిల్‌లో మొత్తం +4, ఖాళీగా 2500 దగ్గర +8, ఎత్తు మీద +25. ప్లస్ అయినా మైనస్ అయినా 10 లోపు ఉంటే సాధారణంగా పట్టించుకోనక్కర్లేదు. 25 దగ్గరికి వచ్చేసరికి చాలా బండ్లలో కంప్యూటర్ ‘ఇక నా వల్ల కాదు’ అని లైటు వేస్తుంది.

ఇక ఆక్సిజన్ సెన్సర్ సంగతి. లీన్ కోడ్ రాగానే ముందు దాన్నే మార్చడం చాలాచోట్ల అలవాటైపోయింది. సెన్సర్ చెడిపోదని కాదు, చెడిపోతుంది. కానీ అది వార్త మోసేది మాత్రమే. ముఖం బాగా కనబడలేదని అద్దం మార్చినట్టు ఉంటుంది ఆ పని. మీ విషయంలో కొత్త సెన్సర్ కూడా వారంలో అదే కబురు చెప్పింది. కాబట్టి పాతది నిజమే చెప్పింది, ఇంజిన్ నిజంగానే లీన్‌గా నడుస్తోంది అని తీసుకోవచ్చు. ఖర్చు పోయినా ఆ ఒక్క సమాచారం మిగిలింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లీన్ కోడ్ వినగానే అందరి నోటా వచ్చే రెండో మాట వ్యాక్యూమ్ లీకు. ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) గ్యాస్కెట్, బ్రేకు బూస్టర్ హోస్, ఇంజిన్ అడుగు ఆవిర్లను తిరిగి లోపలికి పంపే పీసీవీ హోస్, ట్యాంకులోని పెట్రోలు ఆవిర్లను ఇంజిన్‌కు వదిలే పర్జ్ వాల్వు మూసుకోకపోవడం, వీటిలో ఎక్కడో చిల్లి పడి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోందన్నమాట. మీ అంకెలు మాత్రం ఆ వైపు చూపించడం లేదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. మీ ఇంజిన్ ఐడిల్‌లో సెకనుకు సుమారు 2 గ్రాముల గాలి పీలుస్తుంది అనుకోండి. చిల్లి ద్వారా అర గ్రాము అదనంగా వస్తే అది నాలుగో వంతు. ట్రిమ్ +25కి పరుగెత్తాలి, ఇంజిన్ వణకాలి. అదే ఇంజిన్ గట్టిగా లాగుతూ సెకనుకు 40 గ్రాములు పీలుస్తున్నప్పుడు ఆ అర గ్రాము ఒక శాతం చిల్లర. పైగా థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి దారి ఇచ్చే తలుపు) తెరుచుకున్నాక మానిఫోల్డ్‌లో వ్యాక్యూమే తగ్గిపోతుంది కాబట్టి చిల్లి గుండా వచ్చే గాలి ఇంకా తగ్గుతుంది. అంటే వ్యాక్యూమ్ లీకు ఐడిల్‌లో బాధపెడుతుంది, వేగం పెరిగితే తగ్గుతుంది. మీది సరిగ్గా తలకిందులు.

ఇదే తీరులో ఇంకొన్నిటిని కూడా పక్కన పెట్టొచ్చు. ఇంజెక్టర్లు మురికి పట్టి ప్రతిసారీ పదిహేను శాతం తక్కువ చిమ్ముతున్నాయనుకుంటే, ఆ లోటు ఐడిల్‌లోనూ ఎత్తు మీదా దాదాపు ఒకేలా కనబడాలి. ఇథనాల్ ఎక్కువ కలిసిన పెట్రోలు పోసినా అంతే, ట్రిమ్ అన్నిచోట్లా ఒకే లెక్కన పైకి జరుగుతుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు 14.7 బదులు సుమారు 14.1 చాలు, కాబట్టి వచ్చే తేడా నాలుగు శాతమే. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో చిల్లి ఉంటే బయటి గాలి లోపలికి లాగి అబద్ధపు లీన్ చూపిస్తుంది నిజమే, కానీ అది కూడా ఎక్కువగా ఐడిల్‌లోనే. మీ ఐడిల్ +4తో నిమ్మళంగా ఉంది. అందుకని ఇంజెక్టర్ల మాట ఎత్తినవారితో ‘ఇప్పుడే వద్దండీ’ అనండి.

మిగిలిన దారులు రెండే. ఒకటి, బరువు పడినప్పుడు చాలినంత పెట్రోలు అందడం లేదు. రెండు, పెట్రోలు ఉంది కానీ గాలి ఎంత వస్తోందో కంప్యూటర్‌కు తక్కువగా తెలుస్తోంది. ఈ రెండిటినీ విడదీయకుండా పంపు మార్చకండి. విడదీయడానికి ఒక్క స్పానరు కూడా పట్టుకోనక్కర్లేదు, మీ దగ్గరున్న స్కానరే చాలు.

బండి నడిపేది ఒకరు, స్కానర్ చూసేది ఇంకొకరు కావాలి. నడుపుతూ ఫోను చూడటం వద్దే వద్దు. రద్దీ లేని, ముందు వెనక బాగా కనబడే రోడ్డు చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, వేగ పరిమితి దాటకుండా, రెండో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి 5000 దాకా యాక్సిలరేటర్ నేలకు ఆనేలా తొక్కాలి. అంతా కొన్ని సెకన్ల పని. ఆ కొద్దిసేపట్లో స్కానర్ రెండు అంకెలు రికార్డు చేయాలి: ఇంజిన్‌కు దగ్గరగా ఉండే మొదటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ, మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ చెప్పే గాలి ఎంతో సెకనుకు గ్రాముల్లో. ఈ రెండోదాన్నే మెకానిక్కులు మాఫ్ అంటారు.

పూర్తిగా తొక్కినప్పుడే ఎందుకు అంటే, ఆ సమయంలో చాలా బండ్లలో కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం ఆపేస్తుంది. తన లెక్క ప్రకారం కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తుంది, 14.7 బదులు 12.5 నుంచి 13 దాకా. పవర్ కోసం, లోపలి వేడి అదుపులో ఉండటం కోసం. సెన్సర్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అంతా బాగుంటే వోల్టేజీ 0.8 దాటి, 0.9 దగ్గర అలాగే నిలబడి ఉండాలి. తొక్కిన వెంటనే 0.8 చూపించి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ 0.2కో 0.1కో జారిపోయిందంటే ఇంజిన్ ఆకలితో ఉన్నట్టే. మీ బండిలో మామూలు ఆక్సిజన్ సెన్సర్ బదులు ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్ ఉంటే వోల్టేజీ కాకుండా లాంబ్డా, అంటే ఉన్న గాలికీ కావాల్సిన గాలికీ నిష్పత్తి, చూడండి. మామూలు నడకలో అది 1 దగ్గర ఉంటుంది. నిండుగా తొక్కినప్పుడు 0.85, 0.9 ప్రాంతానికి దిగాలి. 1 పైకి వెళ్తే లీన్.

ఇప్పుడు రెండో అంకె. 1.2 లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి 1.2 లీటర్ల గాలి పీలుస్తుంది. 5000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 2500 సార్లు, అంటే 3000 లీటర్లు, సెకనుకు 50 లీటర్లు. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు. కాబట్టి అంతా నిండితే 60 గ్రాములు. ఏ మామూలు ఇంజినూ పూర్తిగా నిండదు, ఎనభై శాతం వేసుకున్నా 48. అంటే 5000 దగ్గర మీ మాఫ్ 45, 50 మధ్య ఏదో ఒకటి చూపించాలి. సముద్ర మట్టానికి బాగా ఎత్తున ఉంటే గాలి పలచన కాబట్టి కొంత తగ్గుతుంది. ఎండ మండిపోతున్నప్పుడూ కొంచెం తగ్గుతుంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మాఫ్ 47 చూపిస్తోంది, ఆక్సిజన్ సెన్సర్ 0.1కి పడిపోయింది అనుకోండి. గాలి లెక్క సరిగ్గానే ఉంది, కంప్యూటర్ సరిపడా పెట్రోలు అడిగింది, అది మాత్రం రాలేదు. జబ్బు పెట్రోలు వైపు. మాఫ్ 30 మాత్రమే చూపిస్తూ, ఆక్సిజన్ సెన్సర్ కూడా లీన్ చూపిస్తే మాఫ్ తప్పు చెబుతోంది, లేదా దాని తర్వాత ఎక్కడి నుంచో గాలి దొంగతనంగా వస్తోంది. ఇక మాఫ్ 30 చూపిస్తున్నా ఆక్సిజన్ సెన్సర్ 0.9 దగ్గర గట్టిగా నిలబడితే అది లీనే కాదు. ఇంజిన్ నిజంగానే ఊపిరి ఆడక ఉంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగి పొగ బయటికి పోవడం లేదు. కన్వర్టర్ మూసుకుపోయిన బండి కూడా మీ బండిలాగే ఎత్తు మీద చతికిలబడుతుంది. అందుకే చాలామంది ఈ రెండిటినీ కలగాపులగం చేస్తారు. కానీ మూసుకుపోయిన కన్వర్టర్ ఒక్కటే అయితే మాఫ్ ఉన్న బండిలో ట్రిమ్‌ను +25కి తీసుకెళ్లదు. గాలి తక్కువ వచ్చినా, వచ్చిన గాలిని మాఫ్ సరిగ్గానే కొలుస్తుంది కదా.

చాలా చిన్న కార్లకు మాఫ్ సెన్సరే ఉండదు. మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని చూసి గాలి లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. మీ స్కానర్‌లో గాలి గ్రాముల అంకె కనబడకపోతే అలాంటి బండే అనుకోవచ్చు. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ అంకె చూడండి. ఎత్తైన చోటు కాకపోతే 100 కిలోపాస్కల్‌ల దగ్గర ఉండాలి, ఎందుకంటే అది బయటి గాలి ఒత్తిడే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి నడిపినప్పుడు కూడా దాదాపు అంతే చూపించాలి. రెండుచోట్లా సరిగ్గా ఉండి ఆక్సిజన్ సెన్సర్ లీన్ చూపిస్తే మళ్లీ పెట్రోలు వైపే వెళ్లాలి.

మాఫ్ మీద అనుమానం తేలితే ముందు దాన్ని శుభ్రం చేసి చూడండి. లోపల వెంట్రుకలాంటి సన్నని తీగ గాని, రేకు గాని ఉంటుంది. నూనె పట్టించి వాడే రకం ఎయిర్ ఫిల్టర్ ఉన్న బండ్లలో దాని మీద సన్నటి జిడ్డు పొర కట్టి, దుమ్ము అంటుకుంటుంది. దానికోసమే అమ్మే మాఫ్ క్లీనర్ స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. వేలు పెట్టకండి, బ్రష్‌తో తుడవకండి, కార్బొరేటర్ క్లీనర్ కొట్టకండి.

దొంగ గాలి గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ‘లీకు ఐడిల్‌లోనే కనబడుతుంది’ అని నేను పైన చెప్పినదానికి ఇది మినహాయింపు. చాలా ఏళ్ల క్రితం అచ్చం మీ లక్షణాలతోనే ఒక బండి నా దగ్గరికి వచ్చింది. పెట్రోలు ప్రెషర్ చూశాను, బాగుంది. మాఫ్ మార్చి చూశాను, తేడా లేదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు షెడ్డు ముందున్న ఏటవాలు దారి మీద బండిని రివర్సులో ఎక్కిస్తుంటే ఎక్కడా జర్కు లేకుండా సాఫీగా ఎక్కేసింది. ముందుకు వెళ్తే మాత్రం మళ్లీ అదే బాధ. అప్పుడు వెలిగింది. ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, రివర్సులో రెండో పక్కకు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కు వెళ్లే నల్ల రబ్బరు గొట్టం, అకార్డియన్ మడతల్లా ఉంటుందే, దాన్ని విప్పి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. పైనుంచి కొత్తదానిలా ఉంది. కింది వైపు రెండు మడతలను బొటనవేళ్లతో విడదీస్తే, మడత లోయలో మూడు వేళ్ల వెడల్పున చీలిక నోరు తెరిచింది. వేళ్లు తీస్తే మూసుకుపోయింది. లోపలి వైపు ఆ చీలిక పొడవునా బూడిద రంగు దుమ్ము గీత. ఐడిల్‌లో ఇంజిన్ నిటారుగా ఉంటుంది, చీలిక మూసుకుని ఉంటుంది. బరువు పడితే ఇంజిన్ ఒరిగి దాన్ని సాగదీస్తుంది. ఆ గొట్టం మార్చడంతో బండి మామూలైంది.

అందుకే మీరు పంపు జోలికి వెళ్లకముందే ఆ గొట్టాన్ని విప్పి ప్రతి మడతా విడదీసి చూడమని చెబుతున్నాను. ఇంజిన్ చల్లబడ్డాక చేస్తే పది నిమిషాల పని. ఇంజిన్ మౌంటింగులు దిగిపోయాయేమో కూడా చూడండి, మౌంటింగు పోతేనే గొట్టం మీద అంత లాగుడు పడుతుంది. చుట్టుపక్కల సన్న హోసులను కూడా అదే చేత్తో వంచి చూస్తే సరి. లీకు కోసం నడుస్తున్న ఇంజిన్ మీద కార్బొరేటర్ క్లీనర్ కొట్టి చూసే పద్ధతి ఒకటుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం అది. దయచేసి చేయకండి. పొగ పంపి లీకు పట్టే యంత్రం ఉన్న షెడ్డుకు తీసుకెళ్లడం మంచిది.

ఇన్ని చెప్పినా, మీ ఉత్తరం చదివితే నా అనుమానం ఎక్కువగా పెట్రోలు వైపే పోతోంది. ‘అరగంట నడిపాక ఇంకా ఎక్కువ’ అన్నారు చూశారా, ఆ మాట వల్ల. రబ్బరు గొట్టంలోని చీలిక అరగంట కోసం కాచుకుని కూర్చోదు. అరిగిన పంపు మోటారు వేడెక్కితే నీరసిస్తుంది. వదులైన కరెంటు కనెక్షన్ వేడెక్కితే ఇంకా పాడవుతుంది. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు దిగినప్పుడు బాధ ఎక్కువ అవుతోందా, వెనక సీటు కింద నుంచి ఈల లాంటి సన్న మోత వస్తోందా, ఈ రెండూ గమనించండి. అవునంటే అనుమానం ఇంకా బలపడుతుంది. పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది.

ఇక్కడ పెట్రోలు ప్రెషర్ కొలవాలి. ఇది మాత్రం మీరు ఇంట్లో చేసే పని కాదు, పనిముట్లు ఉన్న మెకానిక్‌తో చేయించండి. మానిఫోల్డ్‌లోకి పెట్రోలు చిమ్మే మామూలు ఇంజెక్షన్ బండ్లలో ప్రెషర్ ఎక్కువగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్‌కు కచ్చితంగా ఎంతో దాని సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. సిలిండర్ లోపలికే నేరుగా చిమ్మే రకం అయితే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో (దాన్నే ఫ్యూయల్ రైల్ అంటారు) పదుల నుంచి వందల బార్ ఉంటుంది. దాన్ని విప్పకూడదు, ఆ ప్రెషర్ స్కానర్‌లోనే చూడాలి.

ఎలా కొలుస్తారన్నది మీరు దగ్గరుండి చూసుకోవాల్సిన సంగతి. గేజు తగిలించి, ఐడిల్‌లో చూసి, ‘మూడున్నర ఉంది, పంపు బాగుంది’ అని తీసేస్తే ఆ పరీక్షకు విలువ లేదు. ఐడిల్‌లో మీ బండి ఎలాగూ బాగానే ఉంది కదా. అప్పుడు ఇంజిన్ తాగేది గుక్కెడే, నీరసించిన పంపు కూడా ఆ గుక్కెడు ఇస్తూ ప్రెషర్ నిలబెట్టేస్తుంది. పొడవైన హోసు ఉన్న గేజు తగిలించి, బానెట్ సందులోంచి బయటికి తెచ్చి, ముందు అద్దం బయట వైపు టేపుతో గట్టిగా అంటించి, బండిని రోడ్డు మీదకు తీసుకెళ్లి, ఎత్తు ఎక్కిస్తూ చూడాలి. బానెట్ మూసినప్పుడు హోసు నలగకూడదు, వేడి భాగాలకు తగలకూడదు, ఎక్కడా చుక్క కారకూడదు. జర్కు కొట్టిన క్షణంలో ముల్లు మూడున్నర నుంచి రెండుకు జారిందంటే కళ్లెదుటే సాక్ష్యం దొరికినట్టు. జర్కులు కొడుతున్నా ముల్లు కదలకపోతే పెట్రోలు వస్తోంది, మళ్లీ గాలి లెక్క వైపు తిరగాలి.

ప్రెషర్ పడిపోయిందని తేలినా వెంటనే కొత్త పంపు కొనకండి. పంపుకు కరెంటు సరిగ్గా అందుతోందా అన్నది ఇంకా చూడలేదు. నేను మరిచిపోలేని ఇంకో బండి ఉంది. దానికి ఏడాదిలో రెండు పంపులు మార్చారు. రెండుసార్లూ కొన్ని వారాలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. వెనక సీటు ఎత్తి, పంపు మూత మీద ఉన్న నాలుగు పిన్నుల కనెక్టరును లాగితే రాలేదు. కాస్త కదిపి లాగితే, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కులో ఒక రంధ్రం చుట్టూ మాత్రం గోధుమరంగు వలయం. ఆ పిన్ను మిగతా మూడింటిలా మెరవడం లేదు, నల్లబడి గరుకుగా ఉంది. కాలిన వాసన సన్నగా తగిలింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, పంపు దగ్గర పదే. పోయిన నాలుగు వోల్టులూ ఆ పిన్ను దగ్గర వేడిగా మారిపోతున్నాయి. కొత్త పంపు కొత్తలో ఆ తక్కువ వోల్టేజీతోనే నెట్టుకొచ్చేది, కొన్నాళ్లకు అదీ అలిసిపోయేది. కనెక్టరు, దాని వెనక కాలిన వైరు ముక్క మార్చాక ఆ బండి మళ్లీ ఆ పని మీద నా దగ్గరికి రాలేదు.

కాబట్టి పంపు నడుస్తుండగా, కనెక్టరు తగిలించే ఉంచి వోల్టేజీ కొలవమనండి. తీసేసి కొలిస్తే ఎంత పాడైన వైరులోనూ 12 వోల్టులు నిండుగా కనబడతాయి, కరెంటు పారితేనే లోపం బయటపడుతుంది. బ్యాటరీ దగ్గరున్నదానికీ పంపు దగ్గరున్నదానికీ తేడా అర వోల్టు లోపు ఉండాలి. ఎర్త్ వైపు కూడా అలాగే చూడాలి, అక్కడ పోయేది 0.1, 0.2 వోల్టులు మించకూడదు. కొన్ని బండ్లలో పంపు వేగాన్ని ఒక మాడ్యూల్ కావాలనే తగ్గించి నడుపుతుంది. అలాంటివాటిలో పూర్తిగా తొక్కినప్పుడు కొలిస్తేనే అర్థం ఉంటుంది. ఇవన్నీ బాగుండీ ప్రెషర్ పడిపోతుంటే అప్పుడు ఫిల్టరు, ట్యాంకులో పంపు అడుగున ఉండే జాలీ, ఆ తర్వాత పంపు. ట్యాంకు ఎలాగూ తెరుస్తారు కాబట్టి అడుగున నీళ్లు, మడ్డి ఉన్నాయేమో చూసి శుభ్రం చేయించండి. మురికి ట్యాంకులో కొత్త పంపు వేస్తే దాని జాలీ కూడా త్వరలోనే మూసుకుపోతుంది.

మీ బండికి తర్వాత అమర్చిన గ్యాస్ కిట్ ఏదైనా ఉంటే మాత్రం ఈ పరీక్షలన్నీ పెట్రోలు మీదే కొన్ని రోజులు నడిపి చేయండి. గ్యాస్ మీద నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ పెట్రోలు అంకెలను చెడగొడుతుంది.

ఇది తేలేదాకా బండి ఎలా వాడాలో మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఐడిల్‌లో లీన్ అయితే చిరాకు మాత్రమే. నిండు బరువు మీద లీన్ అయితే ఇంజిన్‌కే ప్రమాదం. పెట్రోలు చాలని మిశ్రమం సిలిండర్‌లో తనంతట తాను పేలడం మొదలుపెడుతుంది. డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు టకటకమనే ఆ చప్పుడునే నాకింగ్ అంటారు. అది అలాగే సాగితే పిస్టన్ కరగొచ్చు, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోవచ్చు. ఆ పని ముందు ఫ్యూయల్ పంపు మార్పిడి చాలా చిన్న ఖర్చు. కనుక ఎత్తు మీద తక్కువ గేరులో, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ నడపండి. నిండా జనంతో, సామానుతో దూర ప్రయాణాలు పెట్టుకోకండి. పైన చెప్పిన పూర్తిగా తొక్కే పరీక్ష కూడా ఒకటి రెండుసార్లు చాలు, నాకింగ్ వినబడితే వెంటనే కాలు తీసేయండి. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగడం వేరు, టపటపమని మిణుకుమనడం వేరు. మిణుకుమంటే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తోందని అర్థం. పక్కకు ఆపి, టోయింగ్ చేయించండి.

ఇంకొకటి. ఈ రోజే స్కానర్‌లో కోడ్‌తో పాటు ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి ఫొటో తీసి పెట్టుకోండి. లైటు వెలిగిన క్షణంలో వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ మీద లోడు ఎంత, వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫొటో, మీరు నాకు పంపిన మూడు జతల అంకెలు, రెండో గేరు పరీక్షలో వచ్చినవి ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. ‘పంపు మార్చండి’ అనకుండా ‘బరువు మీద ప్రెషర్ ఎంత ఉందో కొలిచి చూపించండి’ అని అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

పని పూర్తయ్యాక లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను స్కానర్‌తో చెరిపించండి, లేకపోతే పాత +18 గుర్తుతో కొన్నాళ్లు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. తర్వాత రెండు మూడు రోజులు అన్ని రకాల రోడ్ల మీదా నడిపి, అదే మూడో గేరులో, అదే ఎత్తు మీద మళ్లీ చూడండి. రెండు ట్రిమ్‌లూ కలిపి 10 లోపు ఉండి, నిండుగా తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ 0.8 పైన నిలబడితే పని అయిపోయినట్టు. ట్రిమ్ 25 నుంచి 15కి దిగి అక్కడే ఆగిపోతే రెండో లోపం ఏదో మిగిలి ఉంది. అప్పుడు ఐడిల్ అంకెలు మళ్లీ తీసి చూడండి. అవి కూడా ఇదివరకటి +4 నుంచి పైకి జరిగి ఉంటే, నేను ఇందాక పక్కన పెట్టమన్న ఇంజెక్టర్లను విప్పించి, నాలుగూ సమానంగా చిమ్ముతున్నాయో లేదో బెంచి మీద పెట్టి చూపించమని అడగండి.